తొమ్మిదో అంతస్తు ప్రసాదం

పోయిన నెల మా ఇంట్లో వ్రతం జరిగింది. సింగపూర్‌లో, పుంగ్గోల్‌లోని ఈ కొత్త ఫ్లాట్‌లోకి మారి ఏడాది దాటినా వ్రతం చేసుకోలేదేమని మా అత్తగారు దిగిన రోజు నుంచీ పోరు పెడితే సరేనన్నాను. నాకు నమ్మకం లేదని ఆవిడకి తెలుసు, ఆవిడకి ఉందని నాకు తెలుసు, అలా మా ఇద్దరికీ బాగానే గడిచిపోతుంది. పురోహితుడుగారు రాజమండ్రిలో కూర్చుని లాప్‌టాప్‌లోంచి మంత్రాలు చెప్పారు. మధ్యలో రెండుసార్లు నోరు తెరిచినవారు తెరిచినట్టే బిగుసుకుపోయారు. మొత్తానికి కథ ఒడ్డున పడింది. అప్పుడు ఏడేళ్ళ మావాడు ప్రసాదం గిన్నె పక్కకి తోసేసి, "డోన్ వాంట్ లా, సో ఆయిలీ" అన్నాడు.

"తప్పు నాన్నా, ప్రసాదం వద్దంటే కళ్ళు పోతాయి" అన్నారు మా అత్తగారు, మామూలుగానే.

"ఎలా పోతాయి నానమ్మా?" అని వాడూ మామూలుగానే అడిగాడు. వాడికి నిజంగానే తెలుసుకోవాలని ఉంది. నా కొడుకు కదా.

నేను మాత్రం మామూలుగా ఉండలేకపోయాను. "ఏమీ పోవు. వద్దంటే వదిలెయ్యి" అని గిన్నె లాగేసుకున్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది. ఆవిడ మొహం చిన్నబోయింది. వంటింట్లోకి వెళ్ళి ఆ గిన్నె పట్టుకుని నిలబడ్డాను. నేతిలో వేగిన రవ్వ, యాలకులు, మగ్గిన అరటిపండు. ఆ వాసన వస్తే నాకు పదేళ్ళు.

కంప్యూటర్లు తేదీలు మర్చిపోతాయని భయపడి, ప్రపంచమంతా మనవాళ్ళని విమానాలెక్కించి రప్పించుకుంటున్న రోజులవి. మా నాన్న అలా వచ్చినవాడే. ముందు ఆయన, ఆరు నెలలకి అమ్మా నేనూ. ఈ ఊళ్ళోనే, క్లెమెంటిలో నాలుగో అంతస్తులో అద్దె ఫ్లాట్. కింద కాఫీ షాపులోంచి వేయించిన వెల్లుల్లి వాసన, కారిడార్‌లో ఎవరో ఆరేసిన ఎండుచేపల వాసన, మా గుమ్మంలో అమ్మ వేసే సాంబ్రాణి, అన్నీ కలిసి ఒకే వాసనగా ఉండేవి.

నాన్న నన్ను ప్రశ్నల పుట్ట అనేవాడు. పక్కింటి చైనీస్ మామ్మ ఏడాదికోసారి రేకు డబ్బాలో కాగితపు చొక్కాలు కాల్చి చచ్చిపోయినవాళ్ళకి పంపేది. ఆ చొక్కాలు వాళ్ళకి సరిపోతాయా, సరిపోకపోతే వెనక్కి పంపిస్తారా? లిఫ్టు తెగి పడిపోతుంటే సరిగ్గా నేల తగిలే క్షణంలో ఎగిరితే బతుకుతామా? ఇలాంటివి అన్నం తినేటప్పుడు అడిగేదాన్ని. అమ్మ ముద్ద నోట్లో కుక్కేది.

నా ప్రశ్నలకి జవాబు చెప్పే పెద్దమనిషి ఒక్కరే ఉండేవారు. మా బ్లాక్‌లోనే తొమ్మిదో అంతస్తులో ఉండే గోదావరి జిల్లా అంకుల్. ఆయన నాన్నలాగే ప్రోగ్రామరు. కానీ వాళ్ళ తాతగారు పౌరోహిత్యం చేసినవారు కావడంతో చిన్నప్పుడే మంత్రాలన్నీ నోటికొచ్చాయి. ఇక్కడ గుళ్ళో అయ్యగార్లు తమిళులు. తెలుగులో కథ చెప్పి వ్రతం చేయించేవాళ్ళు కావాలంటే మావాళ్ళందరికీ ఈయనే దిక్కు. శనివారం వచ్చిందంటే పట్టుపంచె సంచీలో పెట్టుకుని, రైలెక్కి ఏదో ఒక ఇంటికి బయలుదేరేవారు. బదులుగా ఏమీ పుచ్చుకునేవారు కాదు. డబ్బాలో పులిహోర పెట్టిస్తే మాత్రం వద్దనేవారు కాదు.

ఆయన వ్రతం చేయించే పద్ధతి చూసి తీరాలి. ఆఫీసులో ప్రోగ్రాములు పరీక్షించడానికి గళ్ళు గీసిన కాగితాలుంటాయట. అచ్చం అలాగే వ్రతాన్ని ఎనిమిది పేజీల్లో ప్రింటు తీసి పెట్టుకున్నారు. ఒక గడిలో చెయ్యాల్సిన పని, రెండో గడిలో కావాల్సిన వస్తువు, మూడో దాంట్లో అయిందో లేదో. చెవి మీద పెన్సిలు. కలశం పెట్టగానే ఒక టిక్కు, గణపతి పూజ అవగానే ఒక టిక్కు. మా నాన్నలాంటివాళ్ళు నవ్వుకునేవాళ్ళు. కానీ ఆయన కళ్ళు మూసుకుని మంత్రం మొదలుపెట్టాక ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. ఆ గొంతులో ఎదురుగా ఎవరో ఉన్నట్టే ఉండేది. నేను కూడా ఓసారి ఆయన చూస్తున్న వైపు తిరిగి చూశాను.

"అంకుల్, దేవుడు ఇండియా టైముకొస్తాడా, సింగపూర్ టైముకా?" అని అడిగాను ఒకరోజు.

అమ్మ తొడపాశం పెట్టింది. ఆయన మాత్రం పెన్సిలు చెవి మీంచి తీసి ఆలోచించారు. "మంచి ప్రశ్నేనమ్మా. సూర్యుడు ఏ ఊళ్ళో ఏ టైముకొస్తే, ఆ ఊళ్ళో అదే టైము ఆయనకీను."

ఆయనకీ ఆంటీకీ ఒక్కతే కూతురు. ఆరేళ్ళది. నేను ఎటు వెళితే అటు "అక్కా, వెయిట్ లా" అంటూ వచ్చేది. ముందు పళ్ళు రెండూ ఊడిపోయి, మాట్లాడితే గాలి వచ్చేది.

ఒక శనివారం వాళ్ళింట్లోనే వ్రతం జరిగింది. హాలు నిండా జనం. కథలో ఆఖరికి వచ్చేసరికి, భర్త పడవ రేవుకి వచ్చిందని తెలిసి ప్రసాదం తినకుండా పరుగెత్తిన అమ్మాయి సంగతి వచ్చింది. దేవుడికి కోపం వచ్చి ఆ పడవ ముంచేశాడు. ఆమె వెనక్కి వెళ్ళి ప్రసాదం తిన్నాక మళ్ళీ తేల్చాడు.

"తప్పు చేసింది ఆవిడ కదా, ముంచింది ఆయన్నెందుకు?" అని అమ్మ చెవిలో అడిగాను. మళ్ళీ తొడపాశం.

నాకు ఆ రవ్వ ప్రసాదం చూస్తే డోకొచ్చేది. అరటిపండు కలిపితే మరీను. కాగితం గిన్నెలో పెట్టి చేతికిచ్చారు. పెద్దవాళ్ళంతా హాల్లో ఉన్నారు. నేను వంటింట్లోకి జారుకున్నాను, వెనకే పాప. అక్కడ గోడలో చెత్త పారేసే గొట్టానికి ఇనప మూత ఉంటుంది. దాన్ని అందరం చ్యూట్ అనేవాళ్ళం. పై అంతస్తు నుంచి కింది దాకా ఒకటే గొట్టం. మూత బిగువుగా ఉంటే రెండు చేతులా లాగి, నా గిన్నె లోపల పడేశాను. కిందికెళుతూ గోడలకి తగిలి, తగిలి, చాలాసేపటికి ఎక్కడో అడుగున టప్‌మంది.

నిజం చెప్పాలంటే పారెయ్యాలన్నది సగమే. తొమ్మిది అంతస్తులు దిగడానికి ఎంతసేపు పడుతుందో చూడాలన్నది మిగతా సగం. నాలుగో అంతస్తులో ఉండే నాకు అంత ఎత్తు ఎప్పుడు దొరకాలి?

పాప కళ్ళు పెద్దవయ్యాయి. "ఎగైన్!" అంది.

"నా దగ్గర ఇంక లేదుగా."

తన గిన్నె చూసుకుంది. తనకి ప్రసాదమంటే ఇష్టమే, అప్పటికే సగం తినేసింది కూడా. నేను మూత లాగి పట్టుకున్నాను. తను వేసి, ఇనప రేకుకి చెవి ఆనించి వింది. "ట్వెల్వ్" అంది. లెక్కపెట్టిందన్నమాట. తర్వాత నా వైపు తిరిగి, "అక్కా, గాడ్ స్కోల్డ్ చేస్తాడా?" అంది.

"చూడలేదు లే" అన్నాను.

మూడు వారాలకి పాపకి జ్వరం పట్టుకుంది. తగ్గలేదు. కాళ్ళ మీద నేరేడుపళ్ళు నలిపినట్టు మచ్చలొచ్చాయి. పెద్దాసుపత్రిలో చేర్చారు. రక్తంలో కాన్సర్ అని అమ్మ ఫోన్లో మా అమ్మమ్మతో చెబుతుంటే తలుపు వెనక నిలబడి విన్నాను. 

నా బుర్ర ఎలా పనిచేసిందో ఇప్పటికీ నాకు గుర్తే. పారేసింది ఇద్దరం. ముందు పారేసింది నేను. నేర్పింది నేను. పాప సగం తిన్నది కూడా. మరి జబ్బు దానికొచ్చిందేమిటి? పడవ కథలో లాగే దేవుడికి గురి తప్పిందని తేల్చుకున్నాను. తొమ్మిదో అంతస్తు ఆయనకి దగ్గరేమో, నాలుగో అంతస్తు దాకా చూడలేదేమో. ఇప్పుడు నేను వెళ్ళి నిజం చెబితే ఆయన గురి సరిచేసుకుంటాడు. పాపకి తగ్గిపోతుంది. నాకొస్తుంది.

చెప్పలేదు. రోజూ రేపు చెబుదామనుకునేదాన్ని. బదులుగా కనబడ్డ ప్రతి ప్రసాదమూ తినడం మొదలుపెట్టాను. గుళ్ళో పొంగలి మూడేసి దొన్నెలు లాగించేదాన్ని. "పిల్లకి భక్తి కుదిరింది" అని అమ్మ మురిసిపోయింది.

మావాళ్ళంతా మొక్కులు మొక్కుకున్నారు. ఒకరు తిరుపతి, ఒకరు అన్నవరం, బిషాన్‌లో ఉండే హైదరాబాద్ ముస్లిం ఆంటీ కూడా దర్గా పేరు చెప్పి పాప చేతికి దారం కట్టి వచ్చింది. అంకుల్ ఆఫీసుకి సెలవు పెట్టేసి ఆసుపత్రిలోనే ఉండేవారు. పాప పక్కన కూర్చుని స్తోత్రాలు చదువుతూనే ఉంటారని అమ్మ చెప్పేది.

నన్ను ఒక్కసారే తీసుకెళ్ళారు. ముక్కుకి గుడ్డ కట్టారు. మంచం మీద ఉన్నది పాపేనని పళ్ళ సందు చూసి గుర్తుపట్టాను. జుట్టు లేదు. నోరంతా పుళ్ళు. ఉమ్మి కూడా మింగలేక తువ్వాల్లోకి జారవిడుస్తోంది. వాళ్ళమ్మ నీళ్ళలో ముంచిన దూది పెదాలకి అద్దుతుంటే, ఏడవడానికి నోరు తెరిస్తే నొప్పని, నోరు మూసుకునే ఏడుస్తోంది. అలా ఏడవొచ్చని నాకు అంతవరకూ తెలియదు. 

ఆంటీ నర్సుని పిలవడానికి వెళ్ళింది. పాప వేలితో నన్ను దగ్గరికి రమ్మంది.

"అక్కా, ఐ నెవర్ టెల్ ఎనీవన్. చ్యూట్ సంగతి."

నేను తలుపు వైపు చూశాను.

"చెప్తే లేటర్ యూ ఆల్సో కెనా" అంది. కెనా అనేది ఇక్కడి పిల్లల మాట. దెబ్బ తగలడం, శిక్ష పడడం అని.

నేను "థాంక్స్" అన్నాను.

శ్రావణమాసం వచ్చింది. పాప కోసమని మా ఇంట్లో వ్రతం పెట్టుకుంటామని అమ్మ అంకుల్ని అడిగింది. ఆయన వచ్చారు, ఆసుపత్రి నుంచి నేరుగా. గడ్డం పెరిగింది. కాగితాలు తీశారు, పెన్సిలు చెవి మీద పెట్టుకున్నారు. టిక్కులు పెట్టుకుంటూ పోయారు, కానీ కళ్ళు మూసుకోలేదు. నేను చూస్తూనే ఉన్నాను. పడవ కథ దగ్గరికొచ్చి, ప్రసాదం తినకుండా ఆ అమ్మాయి పరుగెత్తిందనగానే ఆగిపోయారు.

నీళ్ళిమ్మంటారా అని అమ్మ అడిగింది.

"వద్దండి. ఇది నేను చదవలేనండి" అన్నారు.

నాన్న ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "అలిసిపోయారు మీరు. కాసేపాగి చదవండి."

"అలుపు కాదండి." ఆయన కాగితాలు సర్దుకుంటూ మెల్లిగా చెప్పారు. "పాపకి వెన్నులో సూది వేస్తారండి. నలుగురు పట్టుకోవాలి, అందులో నేనొకణ్ణి. భయపడకుండా ఉంటదని ప్రతిసారీ చెవిలో స్తోత్రం చదివేవాణ్ణి. మొన్న ఊరికే, సూదీ లేదు ఏమీ లేదు, పక్కన కూర్చుని చదవడం మొదలెట్టాను. పిల్ల వణికిపోయి వాంతి చేసుకుందండి. నాన్నా చదవద్దు, యూ రీడ్ దే కమ్, అని చేతులు పట్టుకుంది. నా నోట్లోంచి దేవుడి పేరు వస్తే సూది వస్తదని దానికి తెలిసిపోయిందండి. చదవడం ఆపేశాను. ఆపాక పడుకుంది." కాగితాలు సంచీలో దోపుకున్నారు. "ఆయన్ని ఇంక పిలవలేనండి. పిలిచినా వచ్చేవాడెవరో నాకు తెలీడంలేదు."

 ఆయన లేచి చెప్పులేసుకున్నారు. నాన్న కాసేపు అటూ ఇటూ చూసి, ఇండియా నుంచి తెచ్చుకున్న వ్రతకథ క్యాసెట్ పెట్టాడు. మిగతా కథ అది చెప్పింది.

నాకు మాత్రం ఒక్కటే కనబడింది. ఆయన ప్రసాదం తినకుండా వెళ్ళిపోతున్నారు! గిన్నె పట్టుకుని కారిడార్‌లో పరుగెత్తాను. లిఫ్టు తలుపులు మూసుకుంటుంటే చెయ్యి అడ్డం పెట్టి, "అంకుల్, ప్లీజ్, తినండి" అని ఏడ్చేశాను. ఆయన నా మొహం చూసి గిన్నె పుచ్చుకున్నారు. తలుపులు మూసుకున్నాయి. తిన్నారో లేదో తెలియలేదు.

పదిహేను రోజులకి పాప పోయింది.

తర్వాత వాళ్ళింటికి అందరూ వెళ్ళేవాళ్ళు. ఓదార్చడానికి కొంత, ఆయన్ని మళ్ళీ దారిలో పెట్టడానికి కొంత. "చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత అంటారు, ఏ జన్మలోదో" అని ఒకావిడ అంది. "ఆరేళ్ళ పిల్ల ఏం చేసుకుందండీ?" అని ఆయన నెమ్మదిగానే అడిగారు, నిజంగా ఆవిడకి తెలిస్తే చెప్పించుకుందామన్నట్టు. ఆవిడకి తెలియదు. ఆంటీ మాత్రం ఎప్పటిలాగే రోజూ దీపం పెట్టేది. ఆ దీపానికి నూనె, వత్తులు ఆయనే లిటిల్ ఇండియా వెళ్ళి తెచ్చిచ్చేవారు. ఇది నాకు అన్నింటికంటే వింతగా ఉండేది.

దేవుణ్ణి వదిలేసిన మనిషికి ఏమవుతుందా అని రెండు నెలలు ఆయన్ని కనిపెట్టి చూశాను. ఏమీ అవలేదు. ఈ ఊళ్ళో పిడుగులకేం కొదవ లేదు, అయినా ఆయన మీద ఒక్కటీ పడలేదు. పొద్దున్నే బస్సెక్కేవారు, సాయంత్రం దిగేవారు. లిఫ్టులో ముసలివాళ్ళకి తలుపు ఆపేవారు.

ఒక ఆదివారం ఉదయం కింద రాతిబల్ల దగ్గర ఒక్కరే కూర్చుని ఉన్నారు. వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"ఏవమ్మా, ప్రశ్నలేం లేవా ఈమధ్య?" అన్నారు.

చెప్పేశాను. గిన్నె, చ్యూట్, నేను మొదలుపెట్టడం, పాప వెయ్యడం, నాకు రావాల్సింది పాపకి రావడం, భయపడి చెప్పకపోవడం. చెబుతూ బల్ల మీద గీసిన చదరంగం గళ్ళు చూస్తూ ఉన్నాను.

ఆయన వంగి నా మొహంలోకి చూశారు. తర్వాత, "మూత నువ్వు పట్టుకున్నావా?" అన్నారు.

"ఊఁ."

"అది వేసిందా? వేసి ఏం చేసింది?"

"చెవి పెట్టి వింది. పన్నెండు దాకా లెక్కపెట్టింది."

"పన్నెండా?" ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. నవ్వుతున్నారనుకున్నాను, నవ్వుతూనే ఉన్నారు కూడా. "గబగబా లెక్కపెట్టుంటది. దానికి ఓపిక లేదు. చూశావా, నాకు తెలీదు ఈ సంగతి. దాని గురించి నాకు తెలీనివి ఇంకా ఉన్నాయన్నమాట. మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను. మూడోసారి కూడా చెప్పించుకున్నారు. నాకేమో శిక్ష సంగతి తేలలేదు.

"మరి దేవుడు, అంకుల్?"

"నువ్వే దేవుడివనుకో. రవ్వ పారేసిందని పాపకి అంత చేస్తావా?"

"చెయ్యను."

"నేనూ చెయ్యనమ్మా. మనిద్దరి కంటే చెడ్డవాడొకడు పైనున్నాడని నమ్మడం నా వల్ల కాలేదు. లేడనుకుంటే కాస్త నయంగా ఉంది."

నాకు ఇంకో ప్రశ్న మిగిలింది. "ఆ రోజు లిఫ్టులో ప్రసాదం తిన్నారా?"

"తిన్నాను. ముందు రోజు నుంచీ ఏమీ తినలేదు, ఆకలేసింది. బాగుందని మీ అమ్మతో చెప్పు."

తిన్నారు. అయినా పాప పోయింది. అంటే గురి తప్పడం లేదు, గురి పెట్టేవాడూ లేడు. పదేళ్ళ బుర్రకి అంతకంటే రుజువు అక్కర్లేకపోయింది. భుజాల మీంచి బియ్యం బస్తా దింపినట్టయింది. ఒక మనిషి నమ్మకం పోవడం ఇంకో మనిషికి ఇంత మేలు చేస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు. ఆయన మాత్రం ఆరోజు ఆ పనే చేశారు.

లేవబోతుంటే అడిగారు, "ఆ సంగతి అది మళ్ళీ ఎప్పుడైనా అందా నీతో? ఆసుపత్రిలో గానీ?"

ఆయన కళ్ళలోకి చూశాను. "లేదంకుల్. మర్చిపోయింది" అన్నాను.

"అవునులే. చిన్నపిల్ల కదా" అన్నారు, తేలిగ్గా.

మరుసటి ఏడాది వాళ్ళు ఇండియా వెళ్ళిపోయారు. ఆ అబద్ధం ఇన్నేళ్ళలో ఎవరికీ విప్పి చెప్పలేదు. పూర్వం నేను దేవుడు ఎందుకు చేస్తాడని అడిగేదాన్ని, ఆ ప్రశ్న ఎప్పుడో వదిలేశాను. ఇప్పుడు నన్ను నేను అడిగేది వేరే. ఆ రెండు నిమిషాలు నేను ఆ మంచం పక్కనే ఉన్నాను. థాంక్స్ అనే బదులు, నిన్ను ఎవరూ కొట్టడం లేదే, ఇది వట్టి జబ్బే అని ఎందుకు చెప్పలేదు? నాకే తెలియదు కనుక. ఆయనకి తర్వాత తెలిసింది, ఆయన చెబితే నాకు తెలిసింది. నోరు మూసుకుని ఏడుస్తూ, నన్ను కాపాడుతున్నాననుకుంటూ పడుకున్న ఆ ఆరేళ్ళ పిల్లకి మాత్రం ఎవరమూ చెప్పలేదు.